కారుపై లైంగిక ఆకర్షణ: మనసు పాత్ర ఎంత, మార్కెట్ పాత్ర ఎంత

కొన్నేళ్లకోసారి ఇలాంటి వార్త ఒకటి ప్రపంచమంతా తిరుగుతుంది. ఎక్కడో ఒకాయన తన కారును ప్రేమిస్తున్నానని, ఆ ప్రేమ శరీరం దాకా వెళ్లిందని కెమెరా ముందు చెబుతాడు. 2008లో బ్రిటన్ టీవీలో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన వ్యక్తి తన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ గురించి ఇలాగే మాట్లాడాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక అమెరికన్ కేబుల్ చానల్ మరో యువకుణ్ని, అతని షెవర్లే కారునూ చూపించింది. 2021లో కాన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకున్న ఫ్రెంచ్ సినిమాలో కథానాయిక ఏకంగా కారు వల్ల గర్భవతి అవుతుంది. ఈ క్లిప్పులు రీల్స్‌గా తెలుగువాళ్ల ఫోన్లలోకీ వస్తుంటాయి. వాటి కింద కనిపించే మాటలు దాదాపు మూడే రకాలు. పిచ్చి అంటారు కొందరు. పబ్లిసిటీ కోసం అంటారు కొందరు. కార్ల యాడ్స్ చూసి చూసి ఇలా తయారయ్యారని ఇంకొందరి అభిప్రాయం.

ఈ మూడు జవాబుల్లో ఏదీ పూర్తిగా నిలబడదు. మూడోది వినడానికి తెలివైన మాటలా ఉంటుంది కాబట్టి దాన్ని కాస్త వివరంగా పరిశీలించాలి.

క్లుప్తంగా

కారులో ముఖాన్ని, మనసును చూడటం మనుషులందరిలో ఉన్న గుణం. ఆ గుణాన్ని అమెరికన్ కార్ల పరిశ్రమ 20వ శతాబ్దంలో వ్యాపారానికి వాడుకుని, కారుకు లైంగిక అర్థాలు తొడిగింది. అయితే కారునే భాగస్వామిగా భావించే అతికొద్ది మంది ఆ ప్రకటనల వల్ల అలా తయారవలేదు. వస్తువుల్లో వ్యక్తిత్వాన్ని చూసే వారి గ్రహణశక్తే వేరుగా ఉంటుందని ఇటీవలి పరిశోధన చెబుతోంది. ఇష్టపడినంత మాత్రాన అది జబ్బు కాదు. బాధ, హాని ఉన్నప్పుడే వైద్యం ప్రస్తావన వస్తుంది.

ఒకే పేరు కింద మూడు సంగతులు

మీడియాలో దీనికి ఎక్కువగా వాడే పేరు మెకనోఫీలియా. యంత్రాల పట్ల లైంగిక ఆకర్షణ అని దాని అర్థం. ఈ పేరు కింద కలగాపులగం అయ్యేవి నిజానికి మూడు వేర్వేరు సంగతులు.

మొదటిది, కారు చుట్టూ లైంగిక సూచనలు అల్లుకున్న సాధారణ సంస్కృతి. ఆటో షోలలో కారు పక్కన మోడల్స్‌ను నిలబెట్టడం, కారు ఒంపుల గురించి రివ్యూల్లో రాయడం, స్పోర్ట్స్ కారు నడిపేవాడికి అమ్మాయిలు పడతారన్న నమ్మకం ఇందులోకి వస్తాయి. ఇక్కడ కోరిక మనుషుల మీదే ఉంటుంది. కారు మధ్యవర్తి మాత్రమే.

రెండోది ఫెటిష్. లెదర్ సీటు వాసన, ఇంజిన్ అదురు, పెడల్ నొక్కే పాదం వంటి ఒక అనుభూతికి లైంగిక ఉద్రేకం ముడిపడిపోవడం. మూడోది, వస్తువునే ఒక వ్యక్తిగా భావించి ప్రేమించడం. దీన్ని ఆబ్జెక్టమ్ సెక్సువాలిటీ అంటున్నారు. ఈ కోవకు చెందినవాళ్లకు కారు ఒక సాధనం కాదు. దానికి పేరు, స్వభావం, ఇష్టాయిష్టాలు ఉన్నాయని, తమ ప్రేమను అది తిరిగి ఇస్తుందని వారు చెబుతారు.

మొదటిదానికి కారణం చెప్పి మూడోదాన్ని వివరించేశామనుకోవడం దగ్గరే చర్చ దారి తప్పుతుంది.

ముఖం వెతికే మెదడు

రెండు హెడ్‌లైట్లు, మధ్యలో గ్రిల్, కింద బంపర్. చిన్నపిల్లలకు కారు బొమ్మ గీయమంటే దానికి కళ్లు, నోరు కూడా పెడతారు. పెద్దవాళ్లు గీయకపోయినా చూస్తూనే ఉంటారు. 2008లో వియన్నా పరిశోధకురాలు సోన్యా విండ్‌హాగర్ బృందం 40 మందికి 38 కార్ల ముందుభాగాల చిత్రాలు చూపించి, ఒక్కోదాని స్వభావం ఎలా ఉందో చెప్పమంది. వయసు, ఆడా మగా, ఆధిపత్యం వంటి విషయాల్లో జవాబులు చాలావరకు కలిశాయి. ఎత్తు తక్కువగా, వెడల్పుగా, లైట్లు సన్నగా కోసినట్టున్న కార్లు మగతనం, పెత్తనం, కోపం ఉన్నవాటిగా కనిపించాయి. తర్వాత ఇదే బృందం ఇథియోపియా గ్రామీణ ప్రాంతంలోనూ ఆస్ట్రియాలోనూ పోల్చి చూసింది. కార్ల ప్రకటనల మధ్య పెరగనివాళ్లు కూడా దాదాపు అవే గుణాలు చూశారు.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. కారులో ముఖం కనిపించడం యాడ్స్ నేర్పిన అలవాటు కాదు. ముఖాలను గుర్తించే మెదడు వ్యవస్థ ఆకారం దొరికిన చోటల్లా పనిచేస్తుంది. ఇజబెల్ గోతియే బృందం 2000లో ప్రచురించిన అధ్యయనం ఇంకో కోణం చూపింది. కార్ల గురించి బాగా తెలిసినవాళ్లు కార్లను చూసినప్పుడు, మామూలుగా ముఖాలను చూసేటప్పుడు చురుకయ్యే మెదడు భాగం వాళ్లలో ఇతరుల కంటే ఎక్కువగా స్పందించింది. పక్షుల నిపుణులకు పక్షుల విషయంలోనూ అంతే. కార్ల పిచ్చి ఉన్నవాడు దూరం నుంచే ఫలానా మోడల్ అని చెప్పేయడం వెనక, మనం తెలిసిన మనిషిని గుంపులో గుర్తుపట్టే యంత్రాంగమే కొంతవరకు ఉందన్నమాట.

ముఖం తర్వాతి మెట్టు మనసు. వస్తువుకు మనసును ఎప్పుడు అంటగడతామన్న ప్రశ్నకు నికొలస్ ఎప్లీ, ఆడమ్ వేట్జ్, జాన్ కాసియోపో 2007లో మూడు కారణాలు ప్రతిపాదించారు. మనుషుల గురించి మనకున్న జ్ఞానం చేతికి సులువుగా అందడం ఒకటి. దాని ప్రవర్తనను అర్థం చేసుకోవాలన్న అవసరం రెండోది. తోడు కోసం తపన మూడోది. వేట్జ్ బృందం 2010లో చేసిన పనిలో ఆసక్తికరమైన ఫలితం వచ్చింది. తరచూ మొరాయించే కారు ఉన్నవాళ్లే దానికి సొంత బుద్ధి ఉన్నట్టుందని ఎక్కువగా అన్నారు. చెప్పినట్టు నడిచే యంత్రాన్ని యంత్రమనే అనుకుంటాం. చెప్పిన మాట విననిదాన్ని బతిమాలుతాం, తిడతాం, స్టీరింగ్ మీద తడతాం. పాత స్కూటర్‌ను పక్కకు వంచి కిక్ కొడుతూ దానితో మాట్లాడిన తరానికి ఈ ఫలితం కొత్తగా అనిపించదు.

ఇదంతా ఆకర్షణకు పునాది మాత్రమే. ముఖం, మనసు ఉన్నట్టు అనిపించిన ప్రతిదాని మీదా కోరిక పుట్టదు.

డెట్రాయిట్ తొడిగిన శరీరం

కారుకు లైంగిక అర్థం ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే అమెరికాను, అక్కడి కార్ల పరిశ్రమకు కేంద్రమైన డెట్రాయిట్ నగరాన్ని చూడాల్సిందే. అక్కడ ఆ అర్థం రెండు దారుల్లో వచ్చింది. ఒకటి వాడకం, రెండోది డిజైన్.

వాడకం ముందు వచ్చింది. ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్టణం మీద రాబర్ట్ లిండ్, హెలెన్ లిండ్ దంపతులు 1929లో ప్రచురించిన సామాజిక అధ్యయనంలో, కారు యువతీయువకుల స్నేహాలను ఇంటి వరండా నుంచి పెద్దల కంటికి దూరంగా తీసుకుపోతోందన్న ఆందోళన నమోదైంది. 1920ల ముందు వరకు ఎక్కువ కార్లకు పైన గుడ్డ కప్పు మాత్రమే ఉండేది. ఆ దశాబ్దం చివరికి అద్దాలు, తలుపులు ఉన్న మూత కార్లదే రాజ్యమైంది. అంటే చక్రాల మీద నడిచే ఒక గది, దానికి తాళం కూడా వచ్చాయి. 1933లో న్యూజెర్సీలోని క్యామ్డెన్‌లో, కారులోనే కూర్చుని సినిమా చూసే తొలి డ్రైవిన్ థియేటర్ మొదలైంది. 1950ల చివరికి అమెరికాలో అలాంటివి 4,000 దాటాయి. ఒక తరం మొత్తానికి తొలి ముద్దు జ్ఞాపకం కారు సీటుతో కలిసిపోయింది. కారుకు లైంగిక అర్థం అంటించిన కారణాల్లో ప్రకటనల కంటే ఇదే బలమైనదని చెప్పవచ్చు. యాడ్స్ ఆ జ్ఞాపకాన్ని కొత్తగా పుట్టించలేదు, ఉన్నదాన్నే అమ్ముకున్నాయి.

డిజైన్ వైపు చూస్తే జనరల్ మోటార్స్ 1927లో హార్లీ ఎర్ల్ నాయకత్వంలో ఆర్ట్ అండ్ కలర్ విభాగం పెట్టడం మలుపు. అప్పటిదాకా కారు రూపం ఇంజినీర్ల చేతిలో ఉండేది. ఆ తర్వాత మట్టితో నమూనా చేసి, చేత్తో నిమురుతూ ఒంపులు దిద్దే శిల్పుల చేతికి వచ్చింది. 1948 క్యాడిలాక్‌కు తోకరెక్కలు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి పీ-38 యుద్ధ విమానం దానికి స్ఫూర్తి. 1959 నాటికి ఆ రెక్కలు పతాక స్థాయికి చేరాయి. అదే కాలంలో ముందు బంపర్ మీద రెండు మొనదేలిన క్రోమ్ బుడిపెలు వచ్చాయి. జనం వాటికి అప్పటి టీవీ నటి డాగ్మార్ పేరు పెట్టేశారు. ఆ పోలిక ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. 1960ల్లో నడుము దగ్గర సన్నబడి వెనక వెడల్పయ్యే కార్లను కోక్ బాటిల్ ఆకారమన్నారు.

ఒకే కారులో రెండు రకాల శరీరాలు కలిసిపోయాయి. విండ్‌హాగర్ అధ్యయనంలో జనం ఎక్కువగా ఇష్టపడిన ముందుభాగాలు మగతనాన్ని, ఆధిపత్యాన్ని చూపేవి. పక్క నుంచి కనిపించే ఒంపులను వర్ణించేటప్పుడు మాత్రం ఆడ శరీరాన్ని గుర్తుచేసే మాటలు వాడతారు. ఎదురుగా వచ్చేవాడిని బెదిరించడానికి ఒక ముఖం, యజమాని పక్కన నిలబడి మురిసిపోవడానికి ఒక శరీరం. మగ కొనుగోలుదారు తానే కారు కావాలని, కారు తన సొంతం కావాలని రెండూ ఒకేసారి కోరుకునేలా ఈ కలయిక పనిచేసింది. కారును కేవలం ఆడదానికి ప్రతీక అనే వ్యాఖ్యలు ఈ సగాన్ని వదిలేస్తాయి.

ప్రకటనల రంగంలో ఈ సంగతిని సూటిగా వాడుకున్నవాడు ఎర్నెస్ట్ డిక్టర్. వియన్నా నుంచి 1938లో అమెరికా చేరిన ఈ మనస్తత్వవేత్త మరుసటి ఏడాదే క్రైస్లర్ కంపెనీకి ప్లిమత్ కార్లపై అధ్యయనం చేసి పెట్టాడు. పైకప్పు తెరుచుకునే కన్వర్టిబుల్ మగవాళ్ల ఊహలో ప్రియురాలు, సెడాన్ కారు భార్య అని తేల్చాడు. షోరూమ్ కిటికీలో కన్వర్టిబుల్ పెడితే మగవాళ్లు లోపలికి వస్తారు, చివరికి సెడానే కొనుక్కుని వెళతారన్నది అందులోంచి తీసిన వ్యాపార సూత్రం. ఇందులో సైన్స్ పాలు తక్కువే. కొద్దిమందితో చేసిన ఇంటర్వ్యూలకు ఫ్రాయిడ్ పదాలు జోడించిన పద్ధతి అది. అయినా అమ్మకాలవాళ్లకు అది నచ్చింది, దశాబ్దాల పాటు నిలిచింది.

హోదా, వేగం, ఒంట్లో మార్పు

ఖరీదైన కారు ఒంట్లో ఏదైనా మార్పు తెస్తుందా అన్నది కొలిచి చూసినవాళ్లున్నారు. కెనడాలోని మాంట్రియల్‌లో గాద్ సాద్, జాన్ వోంగస్ 2009లో 39 మంది యువకులతో పోర్షే కారు, పాత టొయోటా క్యామ్రీ నడిపించి లాలాజలంలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ను కొలిచారు. పోర్షే నడిపాక అది పెరిగింది. జనం చూసే నగర వీధిలోనూ, చూసేవాళ్లు తక్కువగా ఉండే హైవే మీదా పెరిగింది. 2010లో బ్రిటన్‌లో మైకేల్ డన్, రాబర్ట్ సర్ల్ చేసిన ప్రయోగంలో ఒకే వ్యక్తి బెంట్లీలో కూర్చున్న ఫొటోకు, ఫోర్డ్ ఫియెస్టాలో కూర్చున్న ఫొటోకు మహిళలు వేర్వేరు మార్కులు వేశారు. బెంట్లీలో అతను ఎక్కువ అందగాడిగా కనిపించాడు. అమ్మాయి ఫొటో విషయంలో మగవాళ్లు కారును పట్టించుకోలేదు.

2002లో జర్మనీ పరిశోధకులు కార్ల మీద ఆసక్తి ఉన్న 12 మంది మగవాళ్ల మెదడును స్కాన్ చేశారు. స్పోర్ట్స్ కారు బొమ్మ చూసినప్పుడు, చిన్న కారు చూసినప్పటి కంటే ప్రతిఫలానికి స్పందించే భాగాలు ఎక్కువ చురుకయ్యాయి. ఇలాంటి వార్తలు ఇంటర్నెట్‌లో సెక్స్‌కూ కారుకూ మెదడులో తేడా లేదన్న శీర్షికతో తిరుగుతుంటాయి. ఆ శీర్షిక తప్పు. ఆ భాగాలు డబ్బుకు, తిండికి, అందమైన ముఖానికి, గెలుపుకూ స్పందిస్తాయి. అవి వెలిగాయంటే ఆ వస్తువుకు విలువ ఉందని మెదడు లెక్కగట్టిందని అర్థం. అది లైంగిక కోరికే అని చెప్పడానికి ఆధారం చాలదు.

వేగం సంగతి కొంచెం వేరు. భయం, ఉత్కంఠ, లైంగిక ఉద్రేకం మూడింటిలోనూ గుండె వేగం, చెమట, ఊపిరి ఒకేలా మారతాయి. ఒక కారణంతో పుట్టిన ఉద్రేకాన్ని మనసు పక్కనున్న మరో కారణానికి అంటగట్టగలదు. డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ 1974లో కెనడాలోని ఊగే వంతెన మీద చేసిన ప్రయోగంతో ఈ ఆలోచన ప్రసిద్ధమైంది. వేగంగా వెళ్లే కారులో పక్కనున్న మనిషి మీద ఇష్టం పెరగడానికి ఇది ఒక వివరణ. ఒంటరిగా నడిపేవాడికి పక్కన ఉన్నది కారు ఒక్కటే.

ఫెటిష్ వివరణ ఎక్కడిదాకా పనికొస్తుంది

వస్తువు మీద లైంగిక ఆకర్షణకు ఫెటిషిజం అన్న పేరును ఫ్రెంచ్ మనస్తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ బినే 1887లో వాడుకలోకి తెచ్చాడు. చిన్నప్పుడు యాదృచ్ఛికంగా ఒక వస్తువుకూ ఉద్రేకానికీ లంకె పడుతుందని ఆయన భావన. 1966లో స్టాన్లీ రాక్‌మన్ ముగ్గురు పురుషులకు బూట్ల బొమ్మలు, ఆ వెంటనే నగ్న చిత్రాలు పదేపదే చూపించి, చివరికి బూట్లకు మాత్రమే స్పందన వచ్చేలా చేయగలిగాడు. అయితే ఆ స్పందన బలహీనం. జత చేయడం మానేశాక అది కరిగిపోయింది.

నేర్చుకోవడమే ఏకైక కారణమైతే లెక్కలు మరోలా ఉండాలి. డ్రైవిన్ థియేటర్ల తరంలో కారు మీద కోరిక ఉన్నవాళ్లు లక్షల్లో ఉండాలి. దిండుకూ దుప్పటికీ అంతకంటే ఎక్కువమంది ఉండాలి. కానీ 2007లో ఇటలీ పరిశోధకులు ఇంటర్నెట్‌లోని 381 చర్చా బృందాలను పరిశీలించినప్పుడు పాదాలు, శరీర భాగాలు, ఒంటి మీద ధరించే వస్తువులదే అగ్రస్థానంగా తేలింది. శరీరంతో సంబంధం లేని వస్తువుల వాటా 5 శాతం దగ్గరే ఆగింది. పాదాల విషయంలో నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ఒక ఊహ చెప్పారు. మెదడులోని శరీర పటంలో పాదానికీ జననాంగాలకూ చోటు పక్కపక్కనే ఉంది కాబట్టి సంకేతాలు కలిసిపోవచ్చని. ఆ పటంలో కారుకు చోటు లేదు. కాబట్టి ఫెటిష్ సిద్ధాంతం లెదర్ వాసన, ఇంజిన్ అదురు వంటి వాటికి కొంత సరిపోతుంది. ఎందుకంటే వాటిని చర్మం, ముక్కు నేరుగా అనుభవిస్తాయి. ‘నా కారు నన్ను ప్రేమిస్తోంది’ అనే మాట దగ్గర ఆ సిద్ధాంతం ఆగిపోతుంది.

వస్తువునే వ్యక్తిగా చూసేవాళ్లు

ఆ మాటను అర్థం చేసుకోవడానికి కార్లను కాసేపు పక్కన పెట్టాలి. స్వీడన్‌కు చెందిన ఏయా-రీట్టా ఎక్లోఫ్ 1979లో బెర్లిన్ గోడను పెళ్లాడానని ప్రకటించారు, దాని పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నారు. ఆబ్జెక్టమ్ సెక్సువాలిటీ అన్న పదం ఆమె వల్లే వచ్చింది. 1989లో ప్రపంచం సంబరంగా చూసిన గోడ కూల్చివేత ఆమెకు ఆప్తుడి మీద జరిగిన దాడిగా అనిపించింది. అమెరికన్ విలువిద్య క్రీడాకారిణి ఎరికా 2007లో పారిస్‌లోని ఈఫిల్ టవర్‌తో వివాహ వేడుక జరుపుకుని, ఎరికా ఈఫిల్‌గా మారారు. గోడ మీదా ఇనుప గోపురం మీదా కోరిక పుట్టించే ప్రకటనల పరిశ్రమ ఏదీ లేదు. అందుకే యాడ్స్ వల్ల ఇలా అయ్యారన్న వాదన ఇక్కడ కూలిపోతుంది. కార్లను ప్రేమించేవాళ్లు ఈ చిన్న సమూహంలో ఒక భాగం. కార్లు ఎక్కువ కాబట్టి కార్ల వార్తలూ ఎక్కువ వినిపిస్తాయి.

సెక్సాలజిస్టు ఏమీ మార్ష్ 2010లో ఇలాంటి 21 మందితో చేసిన సర్వే ఈ రంగంలో తొలి పనుల్లో ఒకటి. వాళ్లలో పలువురు తమ వస్తువుకు లింగం, స్వభావం ఉన్నాయని చెప్పారు. కొందరికి ఎదుటివారి సామాజిక సంకేతాలు చదవడం కష్టమయ్యే ఆటిజం, లేదా దానికి దగ్గరి స్థితి అయిన ఆస్పర్జర్స్ ఉన్నట్టు నిర్ధారణ అయి ఉంది. బాల్యంలో లైంగిక హింసకు గురైనందువల్లే ఇలా మారతారన్న ప్రచారానికి ఆ సర్వేలో బలం దొరకలేదు.

ఇంతకంటే గట్టి ఆధారం 2019లో వచ్చింది. బ్రిటన్‌లో జూలియా సిమ్నర్, జేమ్స్ హ్యూస్, నోమ్ సగీవ్ 34 మంది వస్తుప్రేమికులను, 88 మంది ఇతరులను పోల్చారు. మొదటి బృందంలో ఆటిజం లక్షణాలు గణనీయంగా ఎక్కువ. సినస్తీషియా కూడా ఎక్కువ. అంటే ఒక ఇంద్రియానుభవం మరోదాన్ని తనంతట తాను లేపడం. అక్షరం చూస్తే రంగు కనిపించడం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఇందులోనే ఒక రకంలో అంకెలకు, అక్షరాలకు, వస్తువులకు స్వభావాలు ఉన్నట్టు అప్రయత్నంగా, స్థిరంగా అనిపిస్తుంది. 7 గర్విష్ఠి, 4 నెమ్మదస్తురాలు అన్నట్టు. అలాంటి వ్యక్తికి కారులో వ్యక్తిత్వం కనిపించడం ఊహ కాదు, ఆటా కాదు. ఆకాశం నీలంగా కనిపించినంత సహజంగా అది కనిపిస్తుంది. సామాజిక సంకేతాలు చదవడం కష్టమైన మనిషికి, ఎప్పుడూ ఒకేలా ఉండే ఆ వ్యక్తిత్వం మనుషుల కంటే దగ్గరగా, నమ్మదగినదిగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆటిజం ఉన్నవాళ్లలో అత్యధికులకు వస్తువుల మీద లైంగిక ఆకర్షణ ఉండదు. సినస్తీషియా ఉన్నవాళ్లకూ అంతే. రెండింటికీ సంబంధం కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి దారితీస్తుందని కాదు. ఆటిజం ఉన్న పిల్లవాడు కారు బొమ్మను వదలడం లేదని తల్లిదండ్రులు ఈ కోణంలో టెన్షన్ పడాల్సిన పని లేనే లేదు.

సంస్కృతి పాత్ర ఇక్కడ ఎంత? కోరికను పుట్టించడంలో తక్కువ, దాన్ని చెప్పుకునే భాషను ఇవ్వడంలో ఎక్కువ. కారు మీద ప్రేమను ఒప్పుకునే అమెరికన్ మగవాడు తన కారు ఒంపుల గురించి మాట్లాడతాడు. ఆ మాటలు డెట్రాయిట్ నేర్పినవి.

మన దగ్గర కారు అర్థం వేరు

తెలుగు నేల మీద కారు చరిత్ర ఇలా నడవలేదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో కారు ఉన్న కుటుంబాలు 10 శాతం లోపే. ఇక్కడ కారు చాలాకాలం కుటుంబం మొత్తానికి హోదా గుర్తు. కొత్త కారు షోరూమ్ నుంచి నేరుగా గుడికి వెళుతుంది. బానెట్ మీద పసుపు కుంకుమలు, చక్రాల కింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ. దసరాకు ఆయుధపూజ. చట్టం 1961లోనే నిషేధించినా కట్నాల జాబితాల్లో కారు కనిపిస్తూనే ఉంటుంది. ఫ్యాక్షన్ సినిమాల్లో గాలిలోకి లేచిన సుమోలు అధికారానికి గుర్తులే తప్ప కోరికకు కాదు. యంత్రానికి లింగం అంటగట్టిన ప్రచారం మన దేశంలో కార్ల కంటే బైకుల్లో ముందు కనిపించింది. 2001లో వచ్చిన బజాజ్ పల్సర్ ‘డెఫినిట్లీ మేల్’ అన్న నినాదంతోనే మార్కెట్లోకి దిగింది.

రాజస్థాన్‌లో జోధ్‌పూర్, పాలీ మధ్య హైవే పక్కన ఒక రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు గుడి ఉంది. 1988లో ఆ బండి మీద ప్రమాదంలో చనిపోయిన ఓం బన్నాను అక్కడ కొలుస్తారు. జిల్లేడు చెట్టుతో చేసే అర్క వివాహం, కుజదోషం పేరుతో అరటి చెట్టుతోనో కుండతోనో చేసే పెళ్లి తెలుగువాళ్లకు తెలిసినవే. వీటిని చూపించి వస్తుప్రేమ మన సంప్రదాయంలోనూ ఉందని కొందరు వాదిస్తారు. అది పొరపాటు. అర్క వివాహంలో జిల్లేడు తనకు తాను వధువు కాదు. దోషం తనమీద వేసుకుని పక్కకు తప్పుకునే ప్రతినిధి. తంతు ముగిశాక దానితో కాపురం చేయాలని ఎవరూ అనుకోరు. ఎరికా ఈఫిల్‌కు ఆ గోపురం ఎవరికీ ప్రతినిధి కాదు. వస్తువులో ప్రాణం ఉందని మన్నించే సంస్కృతికీ, ఆ వస్తువునే కోరుకునే మనసుకూ మధ్య చాలా దూరం ఉంది.

జబ్బు, నేరం, సాయం

మానసిక రుగ్మతలను వర్గీకరిస్తూ అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 గ్రంథం, అసాధారణమైన లైంగిక ఆసక్తిని, రుగ్మతను విడదీసింది. ఆసక్తి కనీసం ఆరు నెలలు తీవ్రంగా ఉండి, అది మనిషిని బాధపెట్టినా, ఉద్యోగం, సంబంధాలు వంటి వాటిని దెబ్బతీసినా అప్పుడు ఫెటిషిస్టిక్ డిజార్డర్ అంటారు. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 ఇంకో అడుగు వేసి, ఫెటిషిజాన్ని ప్రత్యేక వ్యాధిగా చూపడమే మానేసింది.

చట్టం వైపు గందరగోళం ఎక్కువ. 2007లో స్కాట్లాండ్‌లో హాస్టల్ గదిలో తలుపు వేసుకుని సైకిల్‌తో అసభ్యంగా ప్రవర్తించిన వ్యక్తిని కోర్టు శిక్షించి, లైంగిక నేరస్తుల రిజిస్టర్లో చేర్చింది. ఎవరికి హాని జరిగిందన్న ప్రశ్న అప్పట్లో గట్టిగానే వినిపించింది, అది సమంజసమైన ప్రశ్న. మన దేశంలో ఇలాంటి పని బహిరంగ ప్రదేశంలో జరిగి ఇతరులకు ఇబ్బంది కలిగితే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ వర్తించవచ్చు. పరాయివాళ్ల వాహనానికి నష్టం చేస్తే అది వేరే నేరం. మనసులో ఉన్న ఇష్టం నేరం కాదు.

ఇలాంటి ఆలోచనలతో సతమతమయ్యేవాళ్లు ‘మాన్పించే’ ప్రకటనల వెంట పడకుండా సైకియాట్రిస్టును కలవడం మేలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వారు చెప్పింది గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యుడిది. కేంద్ర ప్రభుత్వ టెలీ-మానస్ లైన్ 14416 తెలుగులోనూ పనిచేస్తుంది.

కారు మాట్లాడటం మొదలుపెట్టాక

ఇప్పటిదాకా కారుకు ముఖాన్ని, మనసును మనిషి ఊహించుకున్నాడు. ఇప్పుడు కంపెనీలే గొంతు పెడుతున్నాయి. 2021లో భారత మార్కెట్లోకి వచ్చిన ఎంజీ ఆస్టర్ డ్యాష్‌బోర్డు మీద తల తిప్పి చూసే చిన్న రోబో ఉంది. పారాలింపిక్ పతక విజేత దీపా మాలిక్ దానికి గొంతు ఇచ్చారు. వేట్జ్ బృందం 2014లో డ్రైవింగ్ సిమ్యులేటర్‌తో చేసిన ప్రయోగంలో తనంతట తాను నడిచే కారుకు ఐరిస్ అన్న పేరు, ఆడ గొంతు ఇచ్చినప్పుడు జనం దాన్ని ఎక్కువగా నమ్మారు. ఐరిస్ చేసే పని మాత్రం పేరు, గొంతు లేని కారు చేసినదే. గొంతు వల్ల కారు మీద లైంగిక ఆకర్షణ ఉన్నవాళ్లు పెరుగుతారని అనుకోవడానికి పై ఆధారాలు అవకాశం ఇవ్వవు. పెరిగేది నమ్మకం. నమ్మకంతో పాటు మనిషి కారు ముందు దాచుకోకుండా మాట్లాడటం, ప్రవర్తించడం కూడా పెరుగుతాయి.

అసలు చిక్కు అక్కడుంది. మన్సీ కాలం నుంచి కారు ఏకాంతానికి చోటు. 2023లో మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల బ్రాండ్ల ప్రైవసీ విధానాలు పరిశీలిస్తే ఒక్కటీ పరీక్ష నెగ్గలేదు. తాము సేకరించే అవకాశమున్న సమాచారంలో వినియోగదారుల లైంగిక జీవితం కూడా ఉందని రెండు కంపెనీల విధానాల్లో రాసి ఉంది. భారత్‌లో 2011 నాటి ఐటీ నియమాలు లైంగిక ధోరణిని సున్నితమైన సమాచారంగా విడిగా పేర్కొన్నాయి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో అలాంటి విడి వర్గమే లేదు. కారును ప్రేమించే ఆ కొద్దిమందికే కాదు, కారులో కూర్చుని ఫోన్లో మనసు విప్పి మాట్లాడుకునే ప్రతి ఒక్కరికీ ఈ లోటు వర్తిస్తుంది.